చల్లారబెట్టని బొబ్బర్లు

కరోనా వచ్చిన ఏడాది మా క్లీనింగ్ కంపెనీ మమ్మల్ని కొన్నాళ్లు డ్యూటీలకి పిలవడం మానేసింది. షార్జా అల్ నహ్దాలో ఒకే ఫ్లాటులో ఆరుగురు ఆడవాళ్లం ఉండేవాళ్లం. నా ఎదురు మంచం యుగాండా అమ్మాయిది. రెండేళ్లుగా ఒకే ఆఫీసు బిల్డింగులో, ఒకే అంతస్తు తుడుస్తున్నా మా ఇద్దరి మధ్య "బకెట్ ఇవ్వు", "లిఫ్ట్ వచ్చింది" తప్ప మాటల్లేవు. తప్పు నాదే. పొడుగ్గా ఉండి, ఇల్లదిరిపోయేలా నవ్వే ఆ పిల్లంటే నాకు మొదట్నుంచీ బెరుకు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఒకరోజు గారెలకని బొబ్బర్లు నానబోశాను. ఆ అమ్మాయి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి, గిన్నెలో చెయ్యి పెట్టి ఒక గింజ తీసి, "ఇవి మావి!" అంది. నాకు చర్రుమంది. "మీవేంటి? మా గోదావరి జిల్లాలో మా అత్తగారి చేలో పండుతాయి" అన్నాను. ఆ పిల్ల ఫోన్ తెచ్చి వాళ్ల ఊరి చేను ఫోటో చూపించింది. అదే తీగ, అవే కాయలు. ఇక గింజ ఎవరిదన్న తగువు తేలలేదు కానీ, ఆ పూట గారెలు ఇద్దరం కలిసి తిన్నాం. మేం మాట్లాడుకునేది విరిగిపోయిన ఇంగ్లీషు, దానికి అతుకులేసిన హిందీ. చదివేవాళ్ల కోసం ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

వాళ్ల ఊళ్లో ఆడవాళ్లకి ఒక సంఘం ఉంది. నెలకోసారి ఎవరో ఒకరి వాకిట్లో కూర్చుని, ఆ నెలలో తాము కొత్తగా చేసి చూసిందేదో ఒక్కొక్కరూ చెబుతారు. ఆఫీసర్లెవరూ రారు, పాఠాలు చెప్పేవాళ్లూ రారు. ఒకావిడ ఎరువు ఎలా మాగబెట్టిందో చెబితే, ఇంకొకావిడ వెళ్లి చూసొచ్చి తన ఇంట్లో చేస్తుంది. ఆ కబుర్లన్నీ వాయిస్ మెసేజీలై ఆ అమ్మాయి ఫోన్‌కి వచ్చేవి. కూర కలుపుతూ స్పీకర్లో పెట్టుకుని వినేది. పనీపాటా లేని రోజులు కాబట్టి నేనూ వినేదాన్ని. భాష ముక్క అర్థం కాకపోయినా గొంతులు గుర్తుపట్టేశాను. అందులో కాస్త బొంగురుగా, తొందర లేకుండా వినిపించే గొంతు వాళ్లమ్మది.

ఆ ముందటి ఏడు వాళ్లమ్మ విత్తనానికి దాచుకున్న బొబ్బర్లు పుచ్చిపోయాయట. చేను సగం బీడు పెట్టుకుంది. ఈసారి కూడా పుచ్చిపోతే విత్తడానికి గింజ ఉండదు, ఆ చేనే వాళ్లింటి ఏడాది తిండి. ఈ సంగతి చెప్పి అమ్మాయి ఊరుకుంటే బావుండేది. కానీ ఎవరికైనా కష్టం వచ్చిందంటే అడక్కముందే సలహా చెప్పకపోతే మన తెలుగువాళ్లకి అన్నం అరగదు కదా! "ఓస్, ఇంతేనా?" అన్నాను.

మూడు రోజులు గలగలలాడేలా ఎండబెట్టండి, ఎండలోంచి తీసి మూత బిగిసే డబ్బాలో పోయండి, మూతి దాకా నిండుగా పోయాలి సుమా, లోపల ఖాళీ ఉంటే గాలి ఉంటుంది, గాలి ఉంటే పురుగు బతుకుతుంది. పైన బూడిద పరిచి, మూత చుట్టూ మట్టి మెత్తండి. విత్తే దాకా తియ్యకండి. ఇదంతా ఫోన్లో కలెక్టరు గారి లెవెల్లో ఉపన్యాసమిచ్చాను. అమ్మాయి వాళ్ల భాషలోకి మార్చి పంపించింది.

రెండు నెలలు గడిచాయి. మళ్లీ కంపెనీ బస్సు, డ్యూటీలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఆ అమ్మాయి నా మంచం మీద కూర్చుని, డబ్బాలోంచి ముక్కవాసన వస్తోందని మూత తీశారని చెప్పింది. గింజలన్నీ తెల్లగా బూజు పట్టి, ముద్దలు ముద్దలుగా అతుక్కుపోయాయట.

"మీవాళ్లే ఏదో తేడా చేసుంటారు" అన్నాను వెంటనే. నా నోరే అంత.

ఆ పిల్ల కోప్పడలేదు. వాళ్ల సంఘంలో కొత్త మాట ఏది వచ్చినా అందరూ ఒకేసారి చెయ్యరని చెప్పింది. ముందు ఒక్కరు చేస్తారు, మిగిలినవాళ్లు వచ్చి చూస్తారు. ఈ మాట తెచ్చింది తన కూతురు కాబట్టి వాళ్లమ్మే ముందుకొచ్చిందట. మూతి దాకా నిండాలని నేను నొక్కి చెప్పాను కదా, నింపడానికి తన దగ్గరున్న విత్తనమంతా పోసేసిందట.

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. మర్నాడు బస్సులో ఆ అమ్మాయి పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కెళ్లి కూర్చున్నాను. ముక్కూమొహం తెలియని ఒక తల్లి, నా మాట నమ్మి, ఏడాది తిండిని డబ్బాలో పోసింది. వాళ్లు తిట్టినా బావుండునని అనిపించింది.

తిట్లు రాలేదు. మూడో రోజున నా పేరు మీదే ఒక మెసేజ్ వచ్చింది, అదే బొంగురు గొంతు. అమ్మాయి విని చెప్పింది: "మీ ఇంట్లో గింజని ఎండలోంచి తీశాక, డబ్బాలో పోసేముందు ఇంకేం చేస్తారో ఒకసారి కనుక్కోమంటోంది. మధ్యలో ఏదో జారిపోయి ఉంటుందట."

సెలవురోజున మా అత్తగారికి ఫోన్ చేశాను. ఆవిడతో మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ కాస్త గుండె దడే.

"ఎండలోంచి తీసినియ్యి తీసినట్టే పోసేయమన్నావా?" అంది. "నీకు బుర్రుందా అమ్మాయ్! నీడపట్టున పల్చగా పోసి తెల్లారేదాకా చల్లారబెట్టొద్దూ? వేడి మీద మూతెట్టేత్తే లోపల చెమట పట్టదేంటి?"

"నాకెప్పుడు చెప్పేరండీ?"

"సెప్పేదేంటి, నీ కళ్లెదురుగానే కదా ఇన్నేళ్లూ చేత్తున్నాను!"

నా కళ్లెదురుగా కాదు. గింజలు ఎండలోంచి బుట్టలకెత్తి ఆవిడకి అందించేదాకా నా పని. ఆ తర్వాత నేను వంటలోకి పోయేదాన్ని. పొద్దున్న లేచేసరికి డబ్బాకి మట్టి మెత్తి ఉండేది. మధ్యలో ఆవిడ ఏం చేసేదో ఏనాడూ చూడలేదు, అడగనూ లేదు. ఇరవయ్యేళ్లు కాపురం చేసి నాకు తెలిసింది సగం పని. ఆ సగాన్నే మొత్తం అనుకుని ఇంకో దేశానికి పంపించాను.

ఉన్నది ఉన్నట్టు అమ్మాయికి చెప్పేశాను. అక్కడ సంఘంలో ఆడవాళ్లు తలా నాలుగు దోసిళ్లు తెచ్చి వాళ్లమ్మ డబ్బా మళ్లీ నింపారట. ఈసారి ఎండబెట్టి, నీడలో చల్లార్చి, పంటి కింద గింజ టక్కుమంటేనే పోశారు. ఒకసారి నా మాటతో నష్టపోయినవాళ్లు, రెండోసారి తమ ఇళ్లలోంచి గింజలు తెచ్చి నా మాట మీదే పోశారు. అంత నమ్మకం నా సొంతవాళ్లు కూడా నా మీద పెట్టలేదు.

విత్తే వేళకి డబ్బా తీసేరోజు మాకు డ్యూటీ. టీ టైములో ఆఫీసు మెట్ల మీద కూర్చుని వీడియో కాల్ చూశాం. వాకిలి నిండా ఆడవాళ్లు. వాళ్లమ్మ మూత ఊడదీసి, అడుగు దాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. వాసన చూసింది. ఒక గింజ కొరికింది. ఫోన్లో మాకా చప్పుడు వినపడలేదు, కానీ ఆవిడ మొహం చూసి అమ్మాయి నన్ను కౌగిలించుకుని ఇల్లదిరేలా నవ్వింది. సూపర్‌వైజర్ వచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెట్టినా మేం లేవలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. వారం తిరక్కుండా అమ్మాయి ఫోన్ నా చేతిలో పెట్టింది. "పక్క ఊరి సంఘానికి నువ్వే చెప్పాలి సిస్టర్. చల్లార్చకపోతే ఏమైందో కూడా చెప్పాలి."

"నా తప్పు నేనే దండోరా వేసుకోవాలా? మీ అమ్మని చెప్పమను, బాగా చేసింది ఆవిడే కదా!"

"మా దగ్గర పద్ధతి ఇదే. బాగా చేసినవాళ్లు చెబితే మధ్యలో ఏదో ఒకటి వదిలేస్తారు. తప్పు చేసినవాళ్లు ఆ ఒక్కటి మాత్రం వదలరు."

నాలుగుసార్లు రికార్డు చేసి నాలుగుసార్లూ చెరిపేశాను. ఐదోసారి, నా వచ్చీరాని ఇంగ్లీషులో, "నేను సగం తెలిసి చెప్పాను. ఒకావిడ విత్తనం పోయింది. మీరు గింజని చల్లార్చండి" అని మొదలుపెట్టాను. ఒక్కో మాటకీ అమ్మాయి పక్కనుంచి వాళ్ల భాషలో చెప్పింది. ఇన్నేళ్ల గల్ఫ్ బతుకులో నా తప్పులు ఎత్తి చూపించినవాళ్లు బోలెడంతమంది. తప్పు చేసినందుకే నన్ను పిలిచి, నువ్వే చెప్పు అని కూర్చోబెట్టినవాళ్లు మాత్రం ఆ ఊరి ఆడవాళ్లే. వాళ్లకి నేను ఎంత కృతజ్ఞురాలినో ఇప్పటికీ వాళ్ల భాషలో చెప్పడం రాదు.

ఆ మెసేజ్ పక్క ఊరి నుంచి ఆ పక్క ఊరికి కూడా వెళ్లిందట. కొన్నాళ్లకి వాళ్లమ్మ దగ్గర్నుంచి నాకొక చిన్న జవాబు వచ్చింది. అమ్మాయి రెండుసార్లు విని, కళ్లు తుడుచుకుని చెప్పింది: "బూజు పట్టిన ఆ డబ్బా గింజలు పారబోసినప్పుడు మా అమ్మ చాలా ఏడ్చిందట. మూడు ఊళ్లవాళ్లు నీ మెసేజ్ విని గింజలు నీడలో పరుచుకోవడం చూశాక, ఇక ఆ గింజల కోసం ఏడవట్లేదట. నిన్ను కూడా ఏడవొద్దంది."