ప్రెసిడెంటుగారి బొటనవేలు

మా నూజివీడులో ఆహార కమిటీ వేసినప్పుడు నన్ను కార్యదర్శిని చేశారు. ఆహారం గురించి నాకేదో తెలుసని కాదు, ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన చెయ్యి కదా, మినిట్స్ పుస్తకం అందంగా ఉంటుందని. రిటైరైన టీచరంటే ఊళ్లో అందరికీ ఊరికే దొరికే వస్తువు.

ఊళ్లో ఎవరూ పస్తుండకూడదు, అందుకు ఏం చెయ్యాలో మేం అధికారులకు చెప్పాలి. అదీ కమిటీ పని. ప్రెసిడెంటు పెద్ద మామిడి వ్యాపారి. సభ్యుల్లో రేషన్ డీలరు, అంగన్‌వాడీ టీచరు, మరో ఇద్దరు షావుకార్లు, కూలీల తరఫున మామిడితోటల్లో పనిచేసే ఒకావిడ. ఆవిడ ప్రతి మీటింగుకీ అందరికంటే ముందొచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూర్చునేది. సంతకం పెట్టించుకుని ఆవిణ్ణి మర్చిపోయేవాళ్లం. నేను కూడా.

మొదటి మీటింగులో మిరపకాయ బజ్జీలు తింటూ చిరుధాన్యాల గొప్పతనం గురించి గంటన్నర మాట్లాడారు. నెల తర్వాత రెండో మీటింగులో పెరటి తోటలు. పెరడు ఎంతమందికి ఉందని ఎవరూ అడగలేదు. మూడోసారి బజ్జీలు ఆలస్యమయ్యాయి. మాట్లాడ్డానికి ఏమీ మిగలక ప్రెసిడెంటుగారు గుమ్మం వైపు చూసి, "ఏమ్మా, నువ్వూ ఏదో ఒకటి చెప్పు" అన్నారు.

"బియ్యం రావట్లేదండి" అంది ఆవిడ.

"ఎవరికి?"

"నాకేనండి. రెండు నెలలైంది. మిషన్ మీద నా వేలు పడట్లేదండి."

మామిడికాయ తొడిమ విరిచినప్పుడు కారే సొన చర్మాన్ని కాల్చేస్తుంది. సీజనంతా ఆ పని చేసేవాళ్ల వేళ్ల మీద గీతలు మిగలవు. గీతలు లేని వేలు రేషన్ మిషన్ లెక్కలో మనిషిది కాదు. ఇంట్లో ఆవిడా, మంచం పట్టిన అత్తా ఇద్దరే. అత్త లేచి దుకాణం దాకా రాలేదు. నూకలు కొని ఇద్దరికీ జావ కాస్తోందట.

మా కమిటీకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. కొబ్బరినూనె రాయమని ఒకరు, నిమ్మచెక్కతో రుద్దమని ఇంకొకరు, పసుపు పెట్టుకుని పడుకోమని అంగన్‌వాడీ టీచరు. డీలరు బండేసుకుని వెళ్లి మిషన్ పట్టుకొచ్చాడు. ఆవిడ చేతులు తుడుచుకుని పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. పది సార్లూ మిషన్ కీచుమంది.

"అలా భయపడతా పెడితే ఎలా పడుద్దమ్మా? లోపం నీ వేలిలోనే ఉంది. గట్టిగా వత్తాలి. ఇదిగో, నన్ను చూడు" అంటూ ప్రెసిడెంటుగారు లేచారు. ఆ ఊపులో తన కార్డు నంబరు కూడా డీలరుకి గడగడా చెప్పేశారు.

మూడు తోటలూ రెండు కార్లూ ఉన్న మనిషికి పేదల బియ్యం కార్డు ఉంది! డీలరు ఒక్కడే ఆశ్చర్యపోలేదు.

"ఎప్పటిదో పాత కార్డులెండి" అని గొణిగి ఆయన బొటనవేలు వత్తారు. మిషన్ కీచుమంది. మళ్లీ వత్తారు. మళ్లీ కీచుమంది. కాయ నాణ్యం చూడ్డానికి పొద్దున్నుంచీ తొడిమలు విరిచే చెయ్యి మరి, సొనకేం తెలుసు ఎవరు షావుకారో!

ఆయన కాసేపు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. ఆ తర్వాత కోపం వచ్చింది. "ఇదేం మిషనయ్యా? నా వేలే పట్టుకోలేదంటే లోపం దీంట్లోనే ఉంది! దీనికి వేరే దారి లేదా?"

"రూలుందండి" అన్నాడు డీలరు తాపీగా. "వేలు పడనోళ్లకి మన వార్డు సచివాలయం ఉద్యోగి తన వేలేసి ఇప్పించొచ్చు."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?" అని నేను అరిచాను.

"ఎవరూ అడగలేదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. అతని మీద కొంత, చిరుధాన్యాల మీద నాలుగు పేజీలు ముత్యాల్లా రాసుకున్న నా మీద ఎక్కువ. ప్రతి నెలా ఒక రోజు సచివాలయం ఉద్యోగి రేషన్ దుకాణం దగ్గర కూర్చోవాలని అక్కడికక్కడే తీర్మానం రాశాను. ప్రెసిడెంటుగారు చదవకుండానే సంతకం పెట్టేశారు.

మర్నాడు ఆవిడ నెత్తిన బియ్యం మూటతో మా వీధిలో ఎదురైంది. సచివాలయం ఉద్యోగి వేలేస్తే ఈ నెలవే ఇచ్చారట, పోయిన రెండు నెలలవీ ఇక రావన్నారట. నాకు సిగ్గేసింది. "మొదటి మీటింగులోనే నోరు తెరిచి చెప్పకపోయావా అమ్మా?" అన్నాను, తప్పు ఆవిడ మీదికి నెట్టే పంతులమ్మ గొంతుతోనే.

ఆవిడ మూట సర్దుకుని నవ్వింది.

"నేను చెబితే ఏమవుద్దండీ? ఆయనగారికీ కార్డుందని తెలిసుంటే, ఆ రోజే ఆయన చేత వేలు పెట్టించేదాన్ని."