మూల పట్టి లాగితే తెల్లబడిన బొమ్మ

నిన్న మా వీధిలో బోరు బండి పనిచేస్తుంటే తడిసిన రాతిపొడి వాసన ఇంట్లోకి వచ్చింది. నిద్రలోకి జారేముందు నుదుటిమీద ఎవరో చెయ్యి పెట్టినట్టుండే చల్లటి వాసన. కళ్లు మూసుకుంటే అలమేలక్క కనిపించింది. బయటంతా తమిళం మాట్లాడే విరుదునగర్‌లో, భూమిలో నీళ్లెక్కడున్నాయో చూసిపెట్టే చిన్న ఆఫీసు ఆమెది. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే. అప్పటికి నేను ఎమ్మెస్సీ చదివి ఉన్నాను. దానివల్ల ఎవరికీ హాని జరగలేదు.

నేలలోకి కరెంటు పంపి తీసిన కొలతలను గీతగా మార్చే పాత ప్రోగ్రాం ఒకటి ఉండేది. అది లినక్స్‌లో తప్ప నడవదు. ఆ లినక్స్ కంప్యూటరేమో కోవిల్‌పట్టిలోని మా రెండో ఆఫీసులో ఉంది. నా ముందున్నది విండోస్. ఇక్కడ ఒక చిన్న ప్రోగ్రాం తెరిచి పెట్టుకుని అక్కడికి లాగిన్ అయితే, కోవిల్‌పట్టి బొమ్మ నా తెరమీద విచ్చుకునేది. మొదటిరోజు ఆ గీత కొంచెం కొంచెంగా తేలి రావడం చూసి, ఎక్కడో ఎవరో కంటున్న కల ఇక్కడ పడుతున్నట్టుందన్నాను.

"కలా లేదు గిలా లేదప్పా," అంది అక్క. "యోచన అక్కడ, గీసేది ఇక్కడ. నీ కంప్యూటర్ పలక పట్టుకోని నిలబడుండాది, అంతే."

ఒక మధ్యాహ్నం రంగసామి మామ వచ్చారు. ఎవరికీ బంధువు కాదు, అందరికీ మామ. నల్లరేగడి చేలో ఆయన వేసిన మూడు బోర్లూ ఎండిపోయాయి, నిమ్మచెట్లు వాడుతున్నాయి. నాలుగో బోరుకు బండి మర్నాడే వస్తుంది. ఆ చేలో కొలతలు అప్పటికే తీసి ఉన్నాం, వెయ్యాలా వద్దా అన్నది ఆ గీత చెప్పాలి. నేను ఆయన చేను నంబరు కొట్టి తెరవైపు చూశాను. నూరడుగుల దగ్గర గీత అందంగా కిందికి వంగి ఉంది. నీళ్లున్నాయని ఆఫీసు తమిళంలో గంభీరంగా చెప్పాను. మామ కళ్లలో నిమ్మచెట్లు పూశాయి.

అక్క నా వెనకనుంచి వంగి, "మూల పట్టి లాగు," అంది.

లాగాను. విండో పెద్దదైంది. గీత మాత్రం ఉన్నచోటే ఉండిపోయి, పెరిగిన మేరంతా తెల్లగా మిగిలింది.

"బతికుంటే మల్లీ గీసుండును. లైను ఎప్పుడో పోయింది. ఇది నువ్వు పొద్దున చూసినోల్ల చేనిది, మామది కాదు."

మళ్లీ లాగిన్ అయ్యాను. ఈసారి మామ చేనే వచ్చింది. గీత ఎక్కడా వంగలేదు, అడుగుదాకా గట్టిరాయి. నేను అక్కవైపు చూశాను.

"నన్నెందుకు చూస్తావు? నీల్లుండాయన్న నోరు నీదే కదా. తమిళంలో వద్దు, మామదీ మన మాటే. ఇంట్లో మాట్లాడేది మాట్లాడు."

ఇంటి తెలుగులో నేను అంతవరకూ అన్నం అడగడం, అలగడం తప్ప పెద్ద పనులేవీ చెయ్యలేదు.

"మామా, నేను తప్పు చెప్తిని. అది వేరేవాల్ల చేను. మీ చేన్లో నీల్లు లేవు."

మామ తెరమీదినుంచి నావైపు తిరిగారు. "మీ ఇంట్లో తెలుగా?"

"ఔ మామా."

"ముందే చెప్పకూడదా రా? తమిళంలో చెప్తే ఎవరో పెద్దాఫీసరని నమ్మితిని." కండువా దులుపుకుని లేచారు. "సరి, బండి వద్దంటా. నిమ్మ పోతే పోనీ, సజ్జలు చల్లుకుంట." వెళ్తూ వెళ్తూ తెరమీది గీతను వేలితో తాకారు, బిడ్డకు జ్వరం చూసినట్టు.

అక్క ఇప్పుడు లేదు. ఆ ఆఫీసు నేనే చూస్తున్నాను. మామ చేలో నిజంగా నీళ్లు లేవో ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆయన మళ్లీ తవ్వించలేదు. నీళ్లున్నాయని చెప్పడానికి ఏ భాషయినా సరిపోతుంది. లేవని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని, "మీ ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని అడుగుతాను.