పదకొండేళ్ల టికెట్టు

“పదకొండేండ్ల పిల్లనా ఇది? పెద్దమ్మా, నా మొఖం జూసి చెప్పు.”

“సూసే చెప్తున్న. పదకొండే. హాఫ్ కొట్టు.”

“మా బిడ్డకు పదకొండు. దీని భుజం దాక గూడ రాదు.”

“నీ బిడ్డకు తిండి సరిగ పెడ్తలేవేమో.”

బస్సులో నలుగురైదుగురు నవ్వారు. కండక్టరు నన్ను వదిలేసి, పక్కనున్న నా మనవరాలు స్వరూపను వయసు అడిగాడు. రిబ్బన్లు కట్టిన రెండు జడలు ముందుకు వేసుకుని, నేను నేర్పినట్టే “పదకొండు” అంది. అప్పుడు నేను అతని వైపు వంగి, “దాని తెలివి పదకొండేండ్లదే, బిడ్డా. తెలివికి కొట్టు టికెట్టు” అన్నాను. అతను స్వరూప ముఖం ఇంకోసారి చూసి, ఒక ఫుల్లు, ఒక హాఫు ఇచ్చాడు. గెలిచాననుకుని కొంగు సర్దుకుని కూర్చున్నాను.

అది శనివారం ఉదయం ఎనిమిదింపావు, కోదాడ బస్టాండు, మిర్యాలగూడ బస్సు. మా ఊరు నడిగూడెం. అప్పటికి మాదంతా ఇంకా నల్లగొండ జిల్లాయే. కోదాడ దాకా ఆటోలో వచ్చాము. ముందు సీటుకు, వెనక సీటుకు కిరాయి ఒకటే కాబట్టి వెనకే కూర్చోండి, దుమ్ము తక్కువ.

స్వరూపకు నిజానికి పంతొమ్మిది. మనిషి పొట్టి. మా పెద్దబ్బాయి, కోడలు ఏడాదిలో సగం రోజులు గొర్రెల వెంట ఉంటారు కాబట్టి ఈ పిల్ల నా చేతిలోనే పెరిగింది. బుద్ధిమాంద్యం అని కోదాడ డాక్టరు చిన్నప్పుడే చెప్పాడు. ఇల్లు ఊడుస్తుంది, పెయ్యకు గడ్డి వేస్తుంది. ఒక్కతీ దుకాణానికి మాత్రం పోలేదు. నాకు అరవై ఎనిమిది నిండాయి. నా తర్వాత దీని చెయ్యి ఎవరు పట్టుకుంటారన్నదే నా బెంగ. మిర్యాలగూడలో ఒక డిగ్రీ కాలేజీ ఇలాంటి పెద్ద పిల్లలకు రెండేళ్లు వంట, కుట్టు, చిల్లర లెక్క, బస్సు ప్రయాణం నేర్పి పనిలో పెట్టిస్తోందని, ఫీజు లేదని, ఒక సీటు మిగిలిందని అంగన్‌వాడీ టీచరు చెప్పింది. అందుకే బయలుదేరాము.

చిలుకూరు, హుజూర్‌నగర్ దాటాము. నాట్ల కాలం. గరిడేపల్లిలో గోంగూర గంపతో ఒకామె ఎక్కి మా పక్కన కూర్చుంది. ఏం చదువుతున్నావని స్వరూపను అడిగింది. “పదకొండు” అంది స్వరూప. “ఇంటర్ అన్నమాట. బాగా చదువుకోమ్మా” అని ఆమె దీవించింది. బస్సులో ఎవరేమడిగినా పదకొండే చెప్పాలని ఈ పిల్ల లెక్క. నాకు నవ్వొచ్చింది. అప్పుడే భయం రావలసింది.

పది గంటలకు దిగాము. బస్టాండు నుంచి కాలేజీ ఇరవై నిమిషాల నడక. ఆటో అక్కరలేదు, రైసు మిల్లుల వాసన పట్టుకుని పోతే వస్తుంది. వెనక వరండాలో రెండు గదులు. ఒకదానిలో గ్యాసు పొయ్యి. మంట ఎక్కడిదాకా తిప్పాలో తెలిసేటట్టు, తిప్పే మర మీద గోళ్ల రంగుతో చుక్క పెట్టారు. ఇంకోదానిలో కుర్చీలు బస్సు సీట్లలా వేసి ఉన్నాయి. అక్కడ నేర్చుకునేవాళ్లలో ముప్పై ఏళ్ల మనిషి ఒకతను కండక్టరు సంచి తగిలించుకుని, మమ్మల్ని కూడా టికెట్టు అడిగిగాని లోపలికి పోనివ్వలేదు.

ఆ క్లాసు చూసే విజయ మేడం స్వరూపను కూర్చోబెట్టుకుని పేరడిగింది. చెప్పింది. ఊరడిగింది. చెప్పింది. వయసడిగింది.

“పదకొండు.”

మేడం కలం ఆపి, పద్దెనిమిది నిండినవాళ్లనే తీసుకుంటామని నాతో అంది. నేను బడి సర్టిఫికెట్టు తీసి చూపించి, పంతొమ్మిదని చెప్పవే అని స్వరూపను గదమాయించాను. స్వరూప నన్ను పరీక్షగా చూసింది. నేను మోసం చేసి దాని నోట తప్పు పలికిస్తున్నాననుకుందో ఏమో, ఈసారి గట్టిగా “పదకొండు” అంది.

మేడం ఆ రిబ్బన్లను చూసింది, నన్ను చూసింది. అంతా అర్థమైనట్టుంది. కోపం చేయలేదు.

“కాయితం సరిపోతదమ్మా. కానీ మేం ముందు నేర్పేదే ఇది. ఎవరడిగినా తన వయసు తనే సరిగ్గ చెప్పాలె. రేపు ఈమె తప్పిపోతే పోలీసులు పదకొండేండ్ల పిల్లను ఎతుకుతరు. మరి ఈమె దొరుకుతదా?”

మేడం సోమవారం దాకా సీటు ఉంచుతానని, ఆ రోజు స్వరూప తన టికెట్టు తనే తీసుకుని, తన వయసు తనే చెప్పాలని, కుదరకపోతే సీటు వేరేవాళ్లకు పోతుందని చెప్పింది. రాత్రికి సూర్యాపేటలో మా చెల్లెలింట్లో దిగుతామంటే, అక్కడ తమ దగ్గర నేర్చుకున్న సైదమ్మ అట్ట ఫైళ్లు చేసే దుకాణంలో పని చేస్తోంది, చూసి పొమ్మని గుర్తులు రాసిచ్చింది.

ఇంటినుంచి తెచ్చిన సద్ది బస్టాండు ఫ్యాను కింద తిని, ఒంటిగంటకు సూర్యాపేట బస్సెక్కాము. ఆ కండక్టరు రిబ్బన్లు చూసి అడగకుండానే హాఫ్ కొట్టాడు. వద్దని నేను అనలేదు. ఉన్నమాట రాస్తున్నాను.

సైదమ్మకు పాతికేళ్లుంటాయి. అట్టలకు దారం ఎక్కించి గోడవారన పేరుస్తోంది. యాభై లెక్కపెట్టడం ఆమెకు రాదు. గోడ మీద నీలం గీత ఉంది. పేర్చిన అట్టలు గీత దాకా వస్తే యాభై, కట్ట కట్టేయడమే. ఇంకొకామెతో కలిసి గది కిరాయికి తీసుకుని ఉంటోందట. జీతం సగమే ఇస్తారా అని అడిగాను.

“సగమెందుకిస్తరు? నేను దారం సగమే ఎక్కిస్తున్ననా?” అంది తలెత్తకుండా.

స్వరూప అప్పటికే దారం చేతిలోకి తీసుకుంది. సైదమ్మ పిల్లను ఎగాదిగా చూసి ఎన్నేళ్లని అడిగింది. పదకొండని వినగానే దారం లాగేసుకుంది.

“అయితే నిన్ను పనిల పెట్టుకోరు. సిన్నపిల్లల్ని పెట్టుకుంటే సేటును పట్కపోతరు.”

స్వరూప ఖాళీ చేతులు చూసుకుంటూ నిలబడిపోయింది.

సాయంత్రం చాయ్ తాగాక దాన్ని ముందు కూర్చోబెట్టుకున్నాను. ఇక పదకొండు అనవద్దు, పంతొమ్మిది అనాలి అని చెప్పాను.

“పదకొండు అనకపోతే కొడ్తవు గద, నానమ్మా.”

రెండేళ్ల కింద కోదాడ బస్సులో అది కండక్టరుకు నిజం చెప్పేసింది. తొడ మీద ఒకటి వేశాను. నేను మరిచిపోయాను. అది మరవలేదు.

“ఇగ కొట్టను” అన్నాను.

“ఒట్టా?”

“ఒట్టు.”

నమ్మిందో లేదో తెలియలేదు. రిబ్బన్లు విప్పి, నూనె పెట్టి, ఒక్క జడ వేశాను. మా చెల్లెలు తన కూతురి పంజాబీ డ్రెస్సు ఒకటి ఇచ్చింది. రిబ్బన్లు పారేయలేదు, సంచి మూతి కట్టడానికి పనికొస్తాయి.

ఇలాంటి పిల్లలున్నవాళ్లు ఆ కాలేజీకి తప్పక వెళ్లండి. సర్టిఫికెట్టు, సద్ది, మంచినీళ్లు తీసుకుపోండి. అక్కడ అడిగే ప్రశ్నలన్నీ పిల్లకే అనుకున్నాను. సగం నాకే పడ్డాయి.

మరునాడు ఆదివారం, పొద్దున ఆరూ నలభైకి సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాము. డబ్బులు స్వరూప గుప్పిట్లో పెట్టి ముందు సీటులో కూర్చోబెట్టి, నేను రెండు సీట్ల వెనక కూర్చున్నాను. కండక్టరు వచ్చాడు. స్వరూప వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

“కోదాడ. ఫుల్లు. పంతొమ్మిది” అంది.

“పంతొమ్మిది టికెట్లా?” అన్నాడతను.

“కాదు. నేను పంతొమ్మిది. టికెట్టు ఒకటే.”

టికెట్టు, చిల్లర ఇచ్చి అతను నా దగ్గరికి వచ్చాడు. నా టికెట్టు నేను తీసుకున్నాను.