పన్నెండు రోజుల సంవత్సరం

ఆయన లెక్కలో సంవత్సరానికి పన్నెండే రోజులు. మిగతా మూడు వందల యాభై మూడింటినీ ఆయనే తీసేశాడు, అదీ జీతం తీసుకుని మరీ.

మా కింది వాటాలో ఉండేవాడు. యూనివర్సిటీలో పరిశోధకుడు. దేశమంతా బొగ్గు కాల్చడం మానేస్తే ఇంకో ముప్పై ఏళ్ళకు ఇళ్ళలో దీపాలు దేనితో వెలగాలో కంప్యూటరు చేత చెప్పించడం ఆయన పని. ఎన్ని గాలిమరలు నిలబెట్టాలి, ఎన్ని సోలార్ పలకలు పరచాలి, ఎంత పెద్ద బ్యాటరీలు కట్టాలి, ఇదంతా ఆ లెక్కలో తేలాలి. గంటగంటకీ ఎండ ఎంత, గాలి ఎంత, జనం వాడే కరెంటు ఎంత అని పోస్తూ పోతే అన్నిటికంటే చవకైన దారి అది చూపిస్తుంది. కానీ ఏడాదిలోని గంటలన్నీ పోస్తే కంప్యూటరుకు పదకొండు రోజులు పట్టేది. ఆ పదకొండు రోజులూ గదిలో పుట్టే వేడికి అటెండరు తడి గొడుగులు అక్కడే ఆరబెట్టుకునేవాడు. ఒకసారి గొడుగు కర్ర వంగిపోయిందట. నేను నమ్మాను, మీరూ నమ్మండి.

అందుకని ఆ వృత్తిలో వాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఒకలాంటి రోజులన్నిటినీ ఒక కుప్పగా పోసి, కుప్పకో రోజును పెద్దమనిషిగా నిలబెడతారు. పన్నెండు కుప్పలు, పన్నెండు రోజులు, నలభై నిమిషాల్లో జవాబు. కుప్పలు పోయడంలో మనవాడిది చెయ్యి తిరిగిన పని. ప్రొఫెసరుగారు దేశదేశాల సభల్లో చూపించిన రంగురంగుల బొమ్మలన్నీ ఆ చేతివే. కింద పేరు మాత్రం ప్రొఫెసరుగారిది.

ఉద్యోగం కాంట్రాక్టు. పదకొండు నెలలకోసారి కొత్త కాగితం ఇస్తారు. పాత కాగితానికీ కొత్త కాగితానికీ మధ్య ఒక్కరోజు ఖాళీ వదులుతారు, వరసగా పనిచేశానని రేపు ఎవరూ హక్కు అడక్కుండా. ఆ ఒక్కరోజు ఆయన ఎవరూ కాదు. కార్డు చూపిస్తే తలుపు తెరుచుకోదు. అయినా లెక్క ఆగకూడదు కాబట్టి బయట మెట్ల మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా పని చేసేవాడు. ప్రొఫెసరుగారు మెట్లెక్కుతూ, "ఇవాళ నువ్వు లేవు కదయ్యా, నాకెలా కనిపిస్తున్నావు?" అని నవ్వుతూ దాటిపోయేవారు. ఈయనా నవ్వేవాడు. ఏటా అదే హాస్యం, ఏటా అదే నవ్వు.

ఇంట్లో అత్తగారు. అల్లుడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే కరెంటు పని అని చెప్పేది. అది విని ఎదురింటావిడ ఫ్యాను తిరగడం లేదని కబురు పెడితే ఈయన వెళ్ళి బాగు చేసి వచ్చాడు. అల్లుడి చదువు అక్కరకొచ్చిందని అత్తగారు ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. భార్య ఒక పళ్ళ డాక్టరు దగ్గర కాగితాలు చూసుకునే మనిషి. ఏ కాగితమైనా ముందు తారీఖు చూసి తర్వాత చదువుతుంది.

ఆ మనిషికి కావలసింది ఒక్కటే, పర్మినెంటు ఉద్యోగం. దానికోసం కళ్ళు కాయలు కాశాయి. ఉద్యోగంలో చేరిన పదహారో ఏట ఆశ పుట్టింది. ప్రభుత్వం బొగ్గు కేంద్రాలు మూయడానికి ఒక నివేదిక అడిగింది. అది బయటికొస్తే డిపార్టుమెంటుకు ఒక పోస్టు వస్తుందని, అది నీదేనని ప్రొఫెసరుగారు మాటిచ్చారు.

నివేదిక ఇవ్వడానికి పది రోజులుందనగా ఈయనకు బుద్ధి పుట్టి, పాత వాతావరణం లెక్కలు తీసి, కుప్పలు పోయకుండా, ఒక చలికాలం మొత్తాన్ని అలాగే కంప్యూటరులో పోశాడు. అందులో వరసగా ఎనిమిది రోజులు గాలి లేదు, ఎండా లేదు. కుప్పలు పోసినప్పుడు ఆ ఎనిమిదీ మామూలు రోజుల్లో కలిసి మర్యాదగా కనబడకుండా పోయాయి. ఇప్పుడు విడిగా చూస్తే, నాలుగో రోజుకే బ్యాటరీలు ఖాళీ. మూడు నగరాల్లో కరెంటు లేదు.

కాగితాలు పట్టుకుని ప్రొఫెసరుగారి గదికి పరిగెత్తాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివారు. చదవలేదని ఎవరూ అనకూడదు.

"నిజమే కనిపెట్టావయ్యా," అన్నారు. "ఇది దిద్దాలంటే బ్యాటరీలు రెట్టింపు చెయ్యాలి, నివేదిక మళ్ళీ రాయాలి. ఆరు నెలలు. ఈలోగా నీ పోస్టు ఫైలు ఎవరి బల్ల మీద ఉంటుందో నేను చెప్పలేను."

చివరికి ప్రొఫెసరుగారే దారి చూపించారు. ఉన్నది ఉన్నట్టు రాసెయ్, అయితే అడుగున, చిన్న అక్షరాల్లో. రెండు వందల పద్నాలుగో పేజీ అడుగున ఈయన రెండు వాక్యాలు రాసి, కింద తన పొడి అక్షరాలు వేశాడు. నివేదికలో ఆయన పేరు కనిపించిన చోటు అదొక్కటే. ఆ పేజీ ఎవరూ తిప్పలేదు. బొగ్గు కేంద్రాలు రెండు మూసేశారు. పోస్టు రాలేదు. వచ్చే ఏడు చూద్దామన్నారు.

రెండేళ్ళు గడిచాక ఒక చలికాలంలో గాలి నిలిచిపోయింది. మబ్బు దుప్పటిలా కప్పేసింది. ఐదో రోజుకు ఊళ్ళో లిఫ్టులు ఆగాయి, పంపులు ఆగాయి. మా మేడ మీదికి నేను బకెట్లు మోశాను, నాతో పాటు ఆయనా మోశాడు. ఒక ఆసుపత్రిలో జనరేటరు రెండు రోజులు నడిచి ఆగిపోయింది. వెంటిలేటర్ల మీద ఉన్న ముగ్గురు పోయారు. పేపర్లో ఫొటోలు వేశారు. ఆయన ఆ పేపరు మడిచి షర్టు జేబులో పెట్టుకున్నాడు. వారం పాటు ఏ షర్టు వేసుకున్నా జేబు ఉబ్బెత్తుగానే ఉండేది.

విచారణ వేశారు. లెక్క ఎవరిది అన్నది మొదటి ప్రశ్న. యూనివర్సిటీ నియమం ప్రకారం కాంట్రాక్టు మనిషి చేసిన పనికి అతను బాధ్యుడు కాడు, అతని పైవాడు బాధ్యుడు. అంటే ప్రొఫెసరుగారు. ఆ సంగతి తెలిసిన సాయంత్రం ఆయన ముఖం చూసినవాళ్ళు, నిన్నటికీ ఇవాళ్టికీ పదేళ్ళు పెద్దవాడయ్యాడని చెప్పుకున్నారు.

ఆ వారంలోనే మనవాడికి పర్మినెంటు ఆర్డరు వచ్చింది. ప్రొఫెసరుగారు స్వయంగా ఇంటికి తెచ్చారు. అత్తగారు లేచి నిలబడి కుర్చీ తుడిచింది, అల్లుణ్ణి మొదటిసారి గారు చేర్చి పిలిచింది. ప్రొఫెసరుగారు వెళ్ళాక భార్య ఆర్డరు తీసుకుంది.

"ఏవండీ, ఇది ఇవాళ్టి కాగితం. మీరు పర్మినెంటు అయింది మాత్రం రెండున్నరేళ్ళ కిందట అని ఉంది."

"సీనియారిటీ కలిసొస్తుందని అలా ఇచ్చారు."

"నివేదికకు మూడు నెలల ముందు నుంచి ఇచ్చారు. దీనిమీద సంతకం పెట్టారంటే అప్పటికే మీరు పర్మినెంటు, ఆ లెక్క మీది అవుతుంది. వాళ్ళు చేతులు దులుపుకుంటారు. సంతకం పెట్టకండి."

అత్తగారు కూతురి మీద విరుచుకుపడింది. మొగుడికి మంచి జరుగుతుంటే ఓర్వలేని ఆడదాన్ని తాను పుట్టి బుద్ధెరిగాక చూడలేదంది. ఈయన ఇద్దరినీ చూశాడు. పెన్ను తీసి, మూడు ప్రతుల మీదా, ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టాడు. మర్నాడు కొత్త షర్టు వేసుకుని వెళ్ళాడు. గది తలుపు మీద ఇత్తడి పలక బిగించారు. వడ్రంగి మేకు కొడుతుంటే పలక వంకర పోతుందేమోనని దగ్గరుండి పట్టుకున్నాడట.

మూడో రోజు సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. సాక్ష్యం రెండు వందల పద్నాలుగో పేజీ. ప్రమాదం తెలిసి, తెలిసిన సంగతిని చిన్న అక్షరాల్లో దాచాడని రాశారు. కింద పొడి అక్షరాలు ఉండనే ఉన్నాయి. విచారణకు సాంకేతిక సలహాదారుగా ప్రొఫెసరుగారిని వేశారు, ఆ లెక్క ఆయనకు తప్ప ఎవరికీ అర్థం కాదు కనుక. ఆయన చాలా బాధపడుతూ ఒప్పుకున్నారు.

సస్పెండైన పర్మినెంటు ఉద్యోగి రోజూ పదింటికి వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టి రావాలి, ఊరు దాటకూడదు. విచారణ తెమలదు. ఆసుపత్రిలో పోయిన ముగ్గురిలో ఒకామె తమ్ముడు గేటు దగ్గర కాపు కాసి, ఈయన లోపలికి పోతుంటే రోజూ ఒకే మాట అడుగుతాడు, ఆ ఎనిమిది రోజుల సంగతి ముందే తెలుసా అని. ఈయన రోజూ అవునంటాడు. ఆ తమ్ముడు కొట్టడు, తిట్టడు. మర్నాడు మళ్ళీ వస్తాడు.

ఒక ఆదివారం నేను కిందికి పేపరు అడగడానికి వెళ్ళినప్పుడు భార్య ఆయన్ని అడుగుతోంది. నన్ను చూసీ ఆపలేదు.

"ఆ రోజు సంతకం పెట్టేటప్పుడు మీకు తెలుసు కదా. పోయినవాళ్ళ పాపం మీద వేసుకుందామని పెట్టారా?"

అబద్ధం చెప్పడానికి అంత మంచి అవకాశం మనిషికి మళ్ళీ రాదు.

"అలా అయితే బాగుండేది," అన్నాడు. "ఉద్యోగం కోసమే పెట్టాను."

ఆవిడ పేపరు తీసి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.