నాపరాయి మీద గుండీల గోడ

నా చిన్నప్పుడు బయటి కబురు ఏదైనా నాకు ముందుగా మోసుకొచ్చేది పక్కింటి అక్క. ఒక వేసవి పొద్దున నీళ్ళబిందె చంకన ఉండగానే మా గుమ్మంలో ఆగి, "ఏమే, మీ అరుగు మీదకి సాయిబు దర్జీ వస్తన్నాడంట. మీ నాయన ఒప్పుకున్నాడంట. ఇంక నీకు పొద్దుపోతదిలే" అని చెప్పి వెళ్ళింది. ఆ ఒక్క మాటతో ఆమె నాకు ఎంత మేలు చేసిందో ఆమెకే తెలియదు.

అప్పటికి నాకు పదేళ్ళు. అయిదో ఏట వచ్చిన జ్వరం నా కుడికాలి బలాన్ని తీసుకుపోయింది. మాచర్లలో బడి మా ఇంటికి దగ్గరే అయినా నాకది పొరుగూరితో సమానం. అమ్మే అక్షరాలు దిద్దించింది, ఎక్కాలు చెప్పింది, బైబిలు చదివించింది. నాన్న సువార్త పని మీద నకరికల్లు దాకా ఊళ్ళు తిరిగేవారు. దేవుడు నాకు ఏ లోటూ చెయ్యలేదు. కానీ మధ్యాహ్నాలు మాత్రం చాలా పొడుగ్గా ఉండేవి. అమ్మ కాస్త నడుం వాలిస్తే, గోడ మీద ఎండ జరగడం చూస్తూ కూర్చునేదాన్ని.

ఆదివారం ఆరాధన అయ్యాక మిషను బడి పంతులుగారి అమ్మాయి వచ్చేది. నా ఈడుదే. తనంతట తాను రాదు, వాళ్ళమ్మ పంపితే వచ్చేది. అరుగు చివర కూర్చుని, అడిగినదానికి ఊ కొట్టేది. నేనేమో వారమంతా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే కుమ్మరించేదాన్ని. అప్పుడే పోతావా, ఇంకాసేపు ఉండవా, మళ్ళీ ఎప్పుడొస్తావు అంటూ ఆమె పావడా అంచు పట్టుకునేదాన్ని. నేను ఎంత బతిమాలితే అంత తొందరగా లేచిపోయేది. ఊళ్ళో నాకున్న స్నేహం అదొక్కటే. అది స్నేహమో కాదో కూడా నాకు తెలియదు.

దర్జీ తాత కుట్టుమిషను అరుగుకు ఒక కొసన పెట్టుకున్నాడు. వయసులో ఉండగా కలకత్తాలో కోట్లు కుట్టే దుకాణంలో పనిచేశాడట. అక్కడ అన్నాల వేళ పనివాళ్ళంతా గుండీలతో బంతాట ఆడేవారట. మా అరుగు నున్నని నాపరాయి. దాని మీద సుద్దతో మైదానం గీశాడు. రెండు చివరలా రెండేసి దారపు రీళ్ళు గోలు. చెరి ఎనిమిది కోటు గుండీలు ఆటగాళ్ళు, చిన్న చొక్కా గుండీ బంతి. ఒకరి తరువాత ఒకరు వేలితో ఒక గుండీని మీటాలి. వంతు వచ్చినవాళ్ళు తమ గుండీని బంతికి తగిలించి తీరాలి. అదొక్కటే నియమం.

ఆ ఆట చూపిస్తే పంతులుగారి అమ్మాయి ఉంటుందని నాకు ఆశ పుట్టింది. ఆదివారం ఎంతో సంబరంగా గుండీలు పరిచాను. ఆమె తన ఎనిమిదింటినీ తెచ్చి గోలు ముందు గోడలాగా పేర్చేసింది. నేను బలం కొద్దీ మీటడం, బంతి గోడకు కొట్టుకుని అక్కడే ఆగడం, ఆమె గుండీ చోటు వదలకుండానే దాన్ని తాకడం. ఎంతసేపటికీ అంతే.

"నీకూ కాదు, నాకూ కాదు. ఇదేం ఆటే? వచ్చేవారం మా అమ్మ పంపినా నేను రాను" అని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

మర్నాడు దర్జీ తాత తనే ఎనిమిది గుండీలను అలాగే పేర్చి, కొట్టమన్నాడు. కొట్టాను. వేలు ఎర్రబడేదాకా కొట్టాను.

"నువ్వు గుద్దేకొద్దీ వాళ్ళు దగ్గరికి చేరతన్నారు, చూసినావా? గుద్దమాక. బంతిని ఆ మూలకి మెల్లిగా తోసి ఊరుకో" అన్నాడు.

"ఊరుకుంటే ఆ పిల్ల తీసుకుంటది గదా, తాతా?"

"తీసుకోనీ. తీసుకోవాలంటే గోడలోంచి ఒకడు బయటికి రావాల గదా."

అలాగే తోశాను. నియమం ప్రకారం ఆయన ఒక గుండీని మూలకు పంపక తప్పలేదు. ఈసారి రెండో మూలకు తోశాను. ఇంకొకటి వచ్చింది. నాలుగు వంతులయ్యేసరికి గోడ మధ్యలో రెండు వేళ్ళ సందు కనబడింది. ఆయన సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, నావైపు చూడకుండానే, "ఆ పంతులుగారి పిల్ల వచ్చినప్పుడు గూడా నువ్వు చానా గట్టిగా మీటతావమ్మాయ్" అన్నాడు. నాకు సిగ్గేసి తల వంచుకున్నాను.

రానన్న పిల్లను తరువాతి ఆదివారం వాళ్ళమ్మ మళ్ళీ పంపింది. ముఖం ముడుచుకునే వచ్చింది. మళ్ళీ గోడే పేర్చింది. నేను ఏమీ అడగలేదు. నాలుక చివరి దాకా వచ్చిన మాటలను మింగి, బంతిని మూలకు తోశాను.

"ఇటేసినావేందే, గోలు అటుంటే?"

"ఇటే వేశాను" అన్నాను.

ఆమె గుండీ ఒకటి బయటికొచ్చింది. తరువాత ఇంకొకటి. మూడో గుండీని మీటబోయి ఆమె ఆగింది. "వేసవి అయినాక నన్ను గుంటూరు హాస్టల్లో వేస్తారంట. నాకు అక్కడ ఎవురూ తెలవదు" అంది. ఇన్నాళ్ళూ ఒంటరిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. నేను కాస్త పక్కకు జరిగి చోటిచ్చాను. ఆమె దగ్గరగా జరిగి కూర్చుంది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "దారి కనబడతంటే కొట్టవేందే" అని తనే కసిరింది. కొట్టాను. బంతి రీళ్ళ మధ్యనుంచి వెళ్ళింది. "ఇది లెక్కలోకి రాదు, మళ్ళీ పరుచు" అంది. వాళ్ళమ్మ వీధిలోంచి అన్నానికి కేకేస్తే, "నువ్వు తినమ్మా, నేనొస్తాలే" అని బదులిచ్చింది. మిషను వెనక దర్జీ తాత తల ఎత్తకుండా కుట్టుకుంటూనే ఉన్నాడు.

అటుపైన అయిదారు ఆదివారాలు ఆమె ఎవరూ పంపకుండానే వచ్చింది. తరువాత గుంటూరు వెళ్ళిపోయింది. వానలు మొదలవుతుండగా దర్జీ తాత కూడా సాగర్ డ్యాము పనివాళ్ళ కాలనీకి మకాం మార్చాడు. నా మధ్యాహ్నాలు మళ్ళీ పొడుగయ్యాయి. కానీ ఆ తరువాత నేను ఎవరి పావడా అంచూ పట్టుకోలేదు. పెళ్ళయ్యాక రెండేళ్ళు నాతో మాట్లాడని అత్తగారి దగ్గర, చివరి రోజుల్లో గోడవైపు తిరిగి పడుకున్న నాన్న దగ్గర, కాస్త చోటు వదిలి కూర్చోవడమే నేను చేసింది. అందరూ బయటికి రాలేదు. వచ్చినవాళ్ళ కోసం దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

ఆ తాత పేరు నేను ఏనాడూ అడగలేదు. పిల్లలం, మాకు తాత అంటే చాలు. ఇది చదివిన మీరు ఏ తీరున మొక్కుకునేవారైనా సరే, ఈ పూట ఒక్క క్షణం మాచర్లలోని ఆ సాయిబు దర్జీని తలుచుకోండి. పేరు లేకపోయినా ఫరవాలేదు, అది దేవుడికి తెలుసు.