అచ్చియ్యమ్మ గీసిన గడి

చోడవరంలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీ. అందులో బాటనీ ల్యాబుకు అటెండరు అచ్చియ్యమ్మ. చదివింది ఐదో తరగతి, చేరింది ఊడ్చే పనికి. అయితేనేం, పొద్దుతిరుగుడు కాడను ఆవిడ బ్లేడుతో కోస్తే, ఆ పొర ఎంత పల్చనంటే, నీళ్ళలో వేశాక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. ఎమ్మెస్సీలు చేసివచ్చిన లెక్చరర్లు కొందరు క్లాసులో పరువు దక్కించుకోవడానికి ముందే ఆవిడ చేత పొరలు కోయించి దాచుకునేవారు. ఆ సంగతి ఆవిడ ఏనాడూ పైకి పొక్కనివ్వలేదు.

మైక్రోస్కోపుల అద్దాలు తుడవడం, ప్రాక్టికల్సుకు మొక్కజొన్న కాడలు తేవడం, కాలేజీ రిజిస్టర్లన్నిటికీ ఎర్రసిరాతో గడులు గీయడం, ఇరవై రెండేళ్ళుగా ఇదే ఆవిడ పని. కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది. బ్లేడు సరిగా పట్టుకోని పిల్లల్ని ప్రిన్సిపాలు ఎదురుగానే కసిరేది.

తొంభై ఎనిమిదిలో ఆ కాలేజీకి కంప్యూటరు వచ్చింది. దాని గదికి కర్టెన్లు కట్టి, చెప్పులు బయట విడవమని బోర్డు పెట్టారు. దేవుడి గదికైనా అంత మడి ఉండదు. బాటనీ లెక్చరరు దుర్గారావు అందులో ఓ సీడీ పెట్టి మీట నొక్కితే, తెరమీద కాడ దానంతటదే తెగి లోపలి భాగాలు రంగుల్లో కనబడేవి. బాగుండేది, ఆ మాట ఒప్పుకోవాలి.

కాలేజీ కమిటీవారు ఓ పరీక్ష పెట్టమన్నారు. రెండో ఏడాది పిల్లలు ఇరవైమందిలో పదిమంది నెలరోజులు కంప్యూటరు మీద, పదిమంది ల్యాబులో నేర్చుకోవాలి. కంప్యూటరు గెలిస్తే ప్రాక్టికల్సన్నీ దానిమీదే. మైక్రోస్కోపులు బీరువాలోకి పోతాయి.

"నీకేం భయం లేదు. జీతం పోదు, ఆఫీసులో వేస్తారు" అన్నాడు దుర్గారావు.

"జీతం మాట నేనెత్తేనా బాబూ? పిల్లగుంటలు కొయ్యడం ఎక్కడ నేర్సుకుంటారూ?" అంది అచ్చియ్యమ్మ.

నెల గడిచాక విశాఖపట్నం నుంచి లక్ష్మీసుందరి అనే ప్రొఫెసరు పరిశీలనకు వచ్చింది. రాతపరీక్ష అయింది. పదికి కంప్యూటరు పిల్లల సగటు తొమ్మిది, ల్యాబు పిల్లలది ఆరు. దుర్గారావు మొహం వెలిగిపోయింది. టీలు పట్టుకొచ్చిన అచ్చియ్యమ్మ బల్లమీదున్న ప్రశ్నపత్రం కేసి చూసి ట్రే ఠక్కున దింపింది.

"ఇవన్నీ ఆ కంప్యూటర్లో బొమ్మలే కదేటి! నెల్లాళ్ళు సూసిన బొమ్మలే ఇచ్చి పేర్లు సెప్పమంటే ఎవులు సెప్పరు మేడమ్? కాడా బ్లేడూ ఇచ్చి సూడండి."

"అచ్చియ్యమ్మా, నువ్వు బయటికెళ్ళు" అన్నాడు దుర్గారావు.

"ఎళ్ళను."

లక్ష్మీసుందరి వాచీ చూసుకుంది. నాలుగింటి బస్సుకి ఇంకా గంటన్నర ఉంది.

"సరే, ఇవ్వండి" అంది.

రాతలో పదికి పది తెచ్చుకున్న రావికమతం అమ్మాయి కావేరి కోసిన ముక్క రూపాయి బిళ్ళంత మందాన వచ్చింది. మైక్రోస్కోపులో అంతా చీకటే. "అందులో మీట నొక్కితే అదే తెగేది మేడమ్" అంది, ఏడుపు ఆపుకుంటూ. కంప్యూటరు పిల్లల్లో ఒక్కరికీ పొర రాలేదు. ల్యాబు పిల్లల్లో ఏడుగురికి వచ్చింది. వాళ్ళలో గోపీ కోసిన పొర ఎంత పల్చగా వచ్చిందో! అచ్చియ్యమ్మ గుండె ఉప్పొంగింది. తీరా భాగాల పేర్లు అడిగితే అన్నీ తారుమారు చేశాడు.

"అదీ రాసుకోండి మేడమ్" అంది అచ్చియ్యమ్మ. "పేర్లు కంప్యూటరే బాగా నేర్పింది. కాదన్ను. ఉన్నదంతా రాయండి."

లక్ష్మీసుందరి తను నింపాల్సిన ఫారం తిరగేసింది. జ్ఞానం, ఆసక్తి, కలిసొచ్చిన సమయం, ఈ మూడింటికే గడులున్నాయి.

"చేతిపనికి ఇందులో గడి లేదమ్మా. అచ్చువేసిన ఫారం, నేనేం చెయ్యను?"

అచ్చియ్యమ్మ ల్యాబులోకి వెళ్ళి రూళ్ళకర్ర, ఎర్రసిరా బుడ్డి, కలం తెచ్చింది. ఫారం తనవైపు లాక్కుని, మూడో గడి పక్కన నిలువుగా ఓ గీత గీసింది.

"గడి గియ్యడం నా పనే మేడమ్. నింపడం మీ పని."

"ఇది పద్ధతి కాదు" అంది లక్ష్మీసుందరి, దుర్గారావు వైపు చూస్తూ. మీరైనా చెప్పండన్నట్టు.

దుర్గారావు కావేరి కోసిన ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తను గదిలోంచి పొమ్మన్నప్పుడు కూడా ఆవిడ నోరు విప్పని సంగతి ఒకటుంది. ఆయన ముక్కను బల్లమీద పెట్టాడు.

"నాక్కూడా కొయ్యడం రాదు మేడమ్. ఆరేళ్ళుగా క్లాసులో నేను చూపించే పొరలు ఆవిడ కోసినవే. రాయండి."

అచ్చియ్యమ్మ తల తిప్పేసుకుంది. కళ్ళలో నీళ్ళు ఎవరికీ చూపించే మనిషి కాదు.

లక్ష్మీసుందరి పెన్ను మూత తీసింది. కాగితం మీద గీత ఇంకా తడిగానే ఉంది. బస్సు టైమవుతోందని ఆవిడ దానిమీద ఊదబోయింది.

"ఊదకండి, అలుక్కుపోద్ది" అంది అచ్చియ్యమ్మ. "ఈ బస్సు పోతే ఐదింటికి ఇంకోటుంది. ఆరేక నింపండి."

గీత ఆరేదాకా ఆగి, లక్ష్మీసుందరి ఆ గడిలో సున్నా, ఏడు అని రాసింది. రాసేదాకా అచ్చియ్యమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు.