రెండు చుక్కల రూసా నూనె

మనవరాలికి ఏడో నెల. నడుము నొప్పికని టపాలో ఏదో మూలికల తైలం తెప్పించుకుంది. చిన్న బుడ్డి, దాని చుట్టూ చీమ తలకాయలంత అక్షరాలతో కన్నడం చీటీ. నాకు ఆ చదువు అంతంత మాత్రమే కనుక ఆమే చదివి, గర్భిణులు వాడరాదట నానమ్మా అని బుడ్డి పక్కన పెట్టేసింది. మూత తీసి వాసన చూశాను. రూసా గడ్డి నూనె. గులాబీ వాసనలో కాస్త పచ్చిగడ్డి కలిసినట్టుంటుంది. మా పెద్దమ్మ కొంగు ముఖానికి తగిలినట్టయి, ఆ తర్వాత మనవరాలు ఏమడిగిందో నాకు వినిపించలేదు.

నేను పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు పుట్టానని మా ఇంట్లో లెక్క. నా వెనకే అమ్మకు కవలలు పుడితే, పిల్లలు లేని పెద్దమ్మ నన్ను తన పక్కలో వేసుకుంది. తిరిగి ఇవ్వడం ఆమె మరిచిపోయింది, అడగడం అమ్మ మరిచిపోయింది. బీదర్‌లో చౌబారా బురుజు దగ్గర పెద్దనాన్నది మందు దినుసుల దుకాణం. కరక్కాయ, పిప్పళ్లు, వస, వాటి వెనక ఈ గడ్డి నూనె సీసాలు. ఊరందరికీ ఆయన మాట వేదం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు ఇంట్లో మాత్రం ఆయన్ని ఎవరూ అడగరు. నూనె సంగతి చెప్పేది పెద్దమ్మే. చెంచాడు నువ్వుల నూనెకు రెండు చుక్కలు, మూడోది పడితే పారబోయడమే. పుండు మీద వద్దు, కళ్ల దగ్గర వద్దు, నోట్లోకి అసలే వద్దు, చంటిపిల్లల దరిదాపుల్లో బుడ్డి ఉండకూడదు. సాయంత్రం దీపం పెట్టాక ఆమె కాళ్లు చాపి కూర్చుంటే, చూపు ఆనదు కనుక నేను చుక్కలు పైకి లెక్కపెట్టి, కలిపి, మోకాళ్లకు రుద్దేదాన్ని. నేను రాస్తానని పెద్దనాన్న ఒకసారి అంటే, మొగుడిచేత కాళ్లు పట్టించుకుని ఏ నరకానికి పోవాలని కసిరింది. పనిమనిషి ఒకనాడు నువ్వుల నూనె కలపకుండానే రాసేస్తే చర్మం పొక్కిపోయింది, ఆమెచేతా మళ్లీ రాయించుకోలేదు. నాకు ఆ పని విసుగ్గానే ఉండేది, అబద్ధమెందుకు. గచ్చకాయలాటకు అడ్డమని గబగబా ముగించేదాన్ని. ఇంకొంచెం రుద్దమని ఆమె ఒక్కనాడూ అనలేదు.

పద్దెనిమిదేళ్లకు నన్ను భాల్కి పక్కన ధన్నూరకు ఇచ్చారు. సేద్యం ఇల్లు, రాకపోకలు తక్కువ. ఏడాదిన్నరకు, తొలికాన్పుకని ఏడో నెలలో వస్తే పెద్దమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచొచ్చింది. మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి. నేను వెళ్లిననాటి నుంచి నూనె రాయించుకోనేలేదట. నాకు ఏడుపొచ్చింది. ఆ పూటే గూట్లోంచి బుడ్డి తీశాను. ఆమె లాక్కుంది.

"వద్దు బిడ్డా. కడుపుతోని ఉన్నోళ్లు ముట్టద్దు."

"చేతికి గుడ్డ సుట్టుకుంట పెద్దమ్మా."

"వాసన గుడ్డకు ఆగుతదా? నా నొప్పి యాడికి పోదు గని, నువ్వు మంచిగ కను."

నెలల తరబడి పక్కపక్కనే ఉన్నాం. ఉప్పు కాపడం పెడితే పెట్టించుకునేది గాని, నూనె రాసినప్పటి సుఖం ఆ ముఖంలో కనిపించేది కాదు. ఆడపిల్ల పుట్టింది. ఇక రుద్దవచ్చనుకుంటే, ఆ చేతులతోనే కదా పిల్లను ఎత్తుకునేది, వద్దంది. అంత మొండిమనిషిని నేను మళ్లీ చూడలేదు. ధన్నూరకు బయల్దేరుతుంటే దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"బిడ్డ పాలు మరిసినంక రా. అప్పుడు నిదానంగ రుద్దుదువు."

ఆమె నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

పిల్ల పాలు మరిచింది. జొన్న కోతలని ఆగాను, అత్తకు జ్వరమని ఆగాను. అంతలో మళ్లీ నెల తప్పింది. ఎట్లాగూ కాన్పుకు వెళ్తాను కదా అనుకున్నాను. ఐదో నెలలో కబురొచ్చింది. నేను చేరేసరికి పెద్దమ్మను చాప మీద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. పెద్దనాన్న గూట్లోంచి ఒక కొత్త బుడ్డి తెచ్చి నా ముందు పెట్టాడు. దానికి లక్క కూడా తీయలేదు.

"నువ్వొస్తవని తెప్పిచ్చుకున్నది," అన్నాడు.

నేను దాన్ని ముట్టలేదు. ఆమె వద్దన్న స్థితిలోనే ఉన్నాను మరి. ఉత్త చేతులతోనే ఆ మోకాళ్లు రుద్దుతూ కూర్చున్నాను, నిదానంగా, ఎవరో వచ్చి లేపేదాకా. ఆగమన్నది ఆమె, ఆగింది నేను. కాలం మాత్రం మా ఇద్దరి మాటా వినలేదు.